ఒకే బిళ్లలో రెండు మూడు మందులు: ఏ జబ్బుకి మేలు, ఏ జబ్బుకి విడిగా వేసుకోవాలి

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. బీపీ, షుగర్, టీబీ, ఆస్తమా లాంటి రోజూ మందు వాడాల్సిన జబ్బులకి, కొన్నిట్లో మొదటినుంచే, మిగతావాటిలో మోతాదు ఒక చోట కుదిరాక, రెండు మూడు మందులు కలిసిన బిళ్ల మంచి ఎంపిక. జ్వరం, జలుబు, ఒళ్లునొప్పులు, విరేచనాలు, తామర లాంటి వచ్చిపోయే బాధలకి ఎక్కువసార్లు విడి మందే మేలు.

విశాఖపట్నం మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల ఏ మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడ్డా జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. బీపీకి రెండు మందులు కలిసిన బిళ్ల రాస్తే "పవర్ ఎక్కువైపోద్దేమో బాబూ, విడిగా ఇవ్వండి" అంటారు. అదే మనిషి జలుబుకి నాలుగు మందులు కలిసిన బిళ్లని చీటీ లేకుండా, బ్రాండు పేరు చెప్పి అడిగి పట్టుకెళ్తారు. ఈ ఊళ్లో ఫార్మసిస్టుగా రోజూ ఇది చూస్తున్నాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇది చదివి డాక్టరుగారు రాసిన మందు మీకు మీరే మార్చేసుకోవద్దు. వెళ్లినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు అడిగితే చాలు.

కలపడం వల్ల ఒరిగేదేంటి

బీపీ పెరగడానికి ఒంట్లో ఒకటే కారణం ఉండదు. ఆమ్లోడిపిన్ రక్తనాళాల గోడల్ని వదులు చేస్తుంది. టెల్మిసార్టాన్ ఆ నాళాల్ని బిగించే హార్మోన్ పనిని అడ్డుకుంటుంది. ఉన్న మందునే రెట్టింపు చేస్తే బీపీ ఇంకొంచెం తగ్గుతుంది. దానికి బదులు వేరే రకం మందు తోడిస్తే, ఆ అదనపు తగ్గుదల దాదాపు అయిదు రెట్లు ఉంటుందని ఎన్నో పరీక్షల్ని కలిపి లెక్కగట్టినవాళ్లు తేల్చారు. దుష్ఫలితాల విషయంలోనూ లాభముంది. ఆమ్లోడిపిన్ మోతాదు పెంచేకొద్దీ చీలమండల దగ్గర వాపు వస్తుంది. టెల్మిసార్టాన్ తోడుంటే ఆ వాపు తగ్గుతుంది. అంటే రెండు మందులున్నంత మాత్రాన బిళ్ల "పవర్" ఎక్కువని కాదు. ఒక్కోటి తక్కువ మోతాదులో ఉండి కూడా పని జరుగుతోందని.

అందుకే 2018 నాటి యూరప్ గుండె వైద్యుల మార్గదర్శకాలు చాలామంది బీపీ రోగులకి మొదటి రోజునుంచే రెండు మందులు కలిసిన ఒకే బిళ్ల ఇమ్మన్నాయి. బాగా పెద్ద వయసువాళ్లకీ, నీరసించినవాళ్లకీ మాత్రం ఒక మందుతోనే మొదలుపెట్టమన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో 2019లో రెండు బీపీ మందుల కాంబినేషన్లని చేర్చింది. 2023లో గుండెజబ్బుకి వాడే, పలు మందులు ఒకే బిళ్లలో కలిసిన పాలీపిల్‌ని చేర్చింది. గుండెపోటు వచ్చి బయటపడ్డ పెద్దవాళ్ల మీద యూరప్‌లో జరిపిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఆస్పిరిన్, రామిప్రిల్, అటార్వాస్టాటిన్ మూడూ ఒకే మాత్రగా వేసుకున్నవాళ్లలో మళ్లీ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం లాంటివి దాదాపు నాలుగోవంతు తక్కువగా కనిపించాయి. రోజూ గుప్పెడు బిళ్లలు మింగమంటే ఎవరైనా ఎక్కడో ఒకచోట వదిలేస్తారు. ఒకటే బిళ్లయితే వదలకుండా వేసుకుంటారు.

టీబీలో కలపడానికి కారణం వేరే. అక్కడ భయం క్రిమి మొండికెత్తుతుందని. మన దేశంలో మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిసిన మాత్రల్ని రోగి బరువుని బట్టి రోజుకి ఇన్నని ఇస్తారు. 2017 నుంచి దేశమంతా రోజూ వేసుకునే పద్ధతికి మారింది. వికారంగా ఉందని నాలుగింట్లో ఒకటి పక్కన పడేసి మిగతావి మింగడం ఇక్కడ కుదరదు. అలా పక్కన పెట్టడమే క్రిమికి మందుని తట్టుకోవడం నేర్పుతుంది. పాడేరు, అరకు వైపు ఫాల్సిపారం మలేరియాకి ఒక మందు కాకుండా ఆర్టిమిసినిన్ రకం మందుతో పాటు ఇంకోటి జోడించి ఇవ్వడం వెనకా ఇదే ఆలోచన. టీబీ మందులతో పచ్చకామెర్లు వస్తే మాత్రం అన్నీ ఆపి, కాలేయం కుదుటపడ్డాక విడి మందులుగా ఒక్కొక్కటీ మళ్లీ మొదలుపెడతారు. అది పూర్తిగా డాక్టరు చేతిలో పని.

ఇన్‌హేలర్ సంగతి కూడా చెప్పాలి. వన్‌టౌన్‌లో పోర్టు బొగ్గు ధూళి పీల్చేవాళ్లలో ఆస్తమా ఉన్నవాళ్లు చాలామంది ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పీల్చే ఇన్‌హేలర్ వాడి ఊరుకుంటారు. అది గొట్టాల్ని తెరుస్తుంది తప్ప లోపలి వాపుని తగ్గించదు. గొట్టాల్ని తెరిచే ఫార్మోటెరాల్ లాంటి మందుని ఆస్తమాలో స్టెరాయిడ్ లేకుండా ఒంటరిగా వాడితే తీవ్రమైన ఎటాక్ ముప్పు పెరుగుతుంది. బుడెసోనైడ్ అనే స్టెరాయిడ్‌తో కలిపి ఒకే ఇన్‌హేలర్‌లో పెడితే ఆ పొరపాటుకి తావే ఉండదు. ఇక్కడ నేనైతే విడి ఇన్‌హేలర్ల వైపు చూడను.

కలిపితే చేజారేది

కలిసిన బిళ్లలో ఒక్క మందునే తగ్గించడం గానీ, ఒకరోజు ఆపడం గానీ మన చేతిలో ఉండదు. మామూలు రోజుల్లో ఇది పట్టించుకోనక్కర్లేదు. ఇబ్బందంతా ఒంట్లో బాగోలేని రోజునే వస్తుంది.

షుగర్ బిళ్లనే చూడండి. మన దగ్గర ఎక్కువగా రాసేది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసినది. చాలా బ్రాండ్లలో పేరు చివర ఉండే 1, 2 అంకెలు గ్లిమెపిరైడ్ మిల్లీగ్రాములు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నవాళ్లు, దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవాళ్లు పొద్దున్నే అలవాటు ప్రకారం బిళ్ల వేసేసుకుంటే మధ్యాహ్నానికి చెమటలు, చేతుల వణుకు, కళ్లు తిరగడం. విడి మందులైతే ఆ పూటకి గ్లిమెపిరైడ్ ఒక్కటి ఆపమని డాక్టరు చెప్పగలరు. కలిసిన బిళ్లలో వేస్తే రెండూ, మానితే రెండూ. ఉపవాసాలు, దీక్షలు ఉండే ఇంట్లో షుగర్‌కి కాంబినేషన్ రాస్తుంటే ఈ మాట మీరే ఎత్తండి. డాక్టరుగారికి మీ ఇంటి పద్ధతులు చెబితే గానీ తెలియవు.

మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా విడుదలయ్యే రకం బిళ్లల్ని సగానికి విరవకూడదు, నమలకూడదు. "సగం వేసుకోండి" అన్న సలహా పక్కింటివాళ్ల నుంచి వస్తే వినకండి.

బీపీకి టెల్మిసార్టాన్ లాంటివాటితో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బిళ్లలుంటాయి. పేరు చివర తరచూ హెచ్ అని ఉంటుంది. అది మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు. ఒంట్లో సోడియం, పొటాషియం తగ్గించగలదు, యూరిక్ ఆమ్లం పెంచగలదు. మే నెలలో గాజువాక వైపు ఎండలో పనిచేసే మనిషికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు ఒకపక్కన అలా పోతుంటే, ఈ మందు ఇంకోపక్క నుంచి పంపేస్తుంది. అలాంటప్పుడు ఆ పూట బిళ్ల వేసుకోవాలా వద్దా అని డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. రేపటిదాకా ఆగొద్దు.

ఇదే మనిషి మోకాళ్ల నొప్పికి ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్ల కూడా కొనుక్కుంటే? చేతిలో ఉన్నవి రెండే బిళ్లలు. లోపల నాలుగు మందులు. వాటిలో టెల్మిసార్టాన్, మూత్రం మందు, నొప్పి మందు మూడూ మూడు దారుల్లో కిడ్నీ మీద ఒత్తిడి పెడతాయి. ఈ మూడూ కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినే ముప్పు ఎక్కువని వైద్యులకి బాగా తెలిసిన సంగతే. కానీ కౌంటర్ దగ్గర అది కనపడదు, బ్రాండు పేర్లు దాన్ని కప్పేస్తాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి కేజీహెచ్‌కి డయాలసిస్ కోసం వచ్చేవాళ్లని ఏళ్లుగా చూస్తున్న ఊరు మనది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు నొప్పి బిళ్ల అడిగితే నేను ముందు వాళ్ల బీపీ స్ట్రిప్పు చూపించమంటాను. విసుక్కుంటారు, పర్లేదు.

ఒకే మందు రెండుసార్లు

కాంబినేషన్లతో నాకు కనపడే అతిపెద్ద ప్రమాదం ఇదే. ఒకాయన, రిటైరైన పెద్దాయన, కాళ్ల వాపుకి మందు అడుగుతూ వచ్చారు. చేతిలో ఓ ఆర్‌ఎంపీ రాసిచ్చిన మూత్రం మందు చీటీ. "ఇప్పుడు వాడుతున్నవేంటి మాస్టారు?" అంటే కవర్లోంచి రెండు స్ట్రిప్పులు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి ప్రైవేటు క్లినిక్‌లో రాసిన బ్రాండు, టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5. రెండోది ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చిన సాదా స్ట్రిప్పు, ఆమ్లోడిపిన్ 5. ఆయన దృష్టిలో ఒకటి "గుండె బిళ్ల", ఇంకోటి "బీపీ బిళ్ల". రోజుకి 10 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్ లోపలికి వెళ్తోంది, దాంతోనే కాళ్లు వాచాయి. ఆ వాపుకి మూడో మందు మొదలవబోతోంది. ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి, క్లినిక్‌కి ఫోన్ చేయించాను. డాక్టరుగారు విడి ఆమ్లోడిపిన్ ఆపమన్నారు. మూత్రం మందు కొనకుండానే వెళ్లారు.

ప్రభుత్వ కేంద్రాల్లో బీపీ, షుగర్ మందులు ఎక్కువగా విడివిడిగా ఇస్తారు, ప్రైవేటులో కలిసినవి రాస్తారు. రెండు చోట్లా చూపించుకునేవాళ్లకి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. స్ట్రిప్పు వెనక, ఒక్కో మాత్రలో ఏమేముందో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇంగ్లీషు రానివాళ్లు షాపులో చదివించుకోండి, తెలుగులో స్ట్రిప్పు మీదే పెన్నుతో రాయించుకోండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అది మా పనే.

అంకెల్లోనూ మోసపోవచ్చు. అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన 625 బిళ్లలో 500, 125 ఉంటాయి. 375లో 250, 125. అంటే రెండింటిలోనూ రెండో మందు ఒకే మోతాదు. "625 లేదు, రెండు 375 వేసేసుకోండి" అంటే క్లావులానిక్ ఆమ్లం రెట్టింపై కడుపు పాడవుతుంది.

జ్వరం, జలుబు, నొప్పి: విడి మందే

వానలు మొదలైతే విశాఖలో డెంగీ భయం ఉంటుంది. జ్వరం డెంగీయో కాదో తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే వేసుకోవాలి. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, మెఫెనమిక్ ఆమ్లం, ఆస్పిరిన్ లాంటివి డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. "జ్వరానికి, ఒళ్లునొప్పులకి కలిపి" అని అడిగి తీసుకునే బిళ్లల్లో పారాసిటమాల్ పక్కన ఉండేది ఎక్కువగా వీటిలో ఒకటి. స్టెంటు వేసుకుని ఆస్పిరిన్ కలిసిన బిళ్ల వాడేవాళ్లకి జ్వరమొస్తే సొంతంగా ఆపకండి, అదే రోజు డాక్టరుని అడగండి.

జలుబు బిళ్లలో సాధారణంగా పారాసిటమాల్, అలర్జీ మందు, ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైల్‌ఎఫ్రిన్, కొన్నిట్లో కెఫీన్ ఉంటాయి. ముక్కు కారడం ఒక్కటే బాధైన మనిషికి మిగతా మూడూ ఎందుకు? ఫినైల్‌ఎఫ్రిన్ బీపీ పెంచగలదు. అలర్జీ మందుకి నిద్రొస్తుంది, బండి నడిపేవాళ్లు ఆలోచించుకోవాలి. పైన విడిగా డోలో కూడా వేసుకుంటే పారాసిటమాల్ రెండు లెక్కలవుతుంది. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, కాలేయం దెబ్బతిన్నవాళ్లకీ, మద్యం అలవాటున్నవాళ్లకీ అంతకంటే తక్కువే. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో చెప్పింది. పెద్దబాబుకి తెచ్చిన సిరప్ మిగిలిందని చంటిదానికి అర చెంచా పోసే అలవాటు మన ఇళ్లల్లో ఉంది. దయచేసి మానండి.

విరేచనాలకి ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన బిళ్ల మన దగ్గర జనం పేరు పెట్టి అడుగుతారు. ఒకటి బ్యాక్టీరియాకి, ఇంకోటి అమీబాకి. రెండూ ఒకేసారి ఒక మనిషికి పట్టుకోవడం అరుదు, చాలా విరేచనాలు వైరస్ వల్లే. ఈ బాధకి నేను మనసారా సమర్థించే కాంబినేషన్ ఒకటే, ఓఆర్‌ఎస్. గ్లూకోజ్, ఉప్పు, పొటాషియం, సిట్రేట్ నాలుగూ కొలత ప్రకారం కలిసుంటాయి. పేగు గ్లూకోజ్‌తో పాటు సోడియంని లోపలికి లాక్కుంటుంది, ఆ వెంటే నీరు వెళ్తుంది. గ్లూకోజ్, ఉప్పుల్లో ఏ ఒక్కటి తీసేసినా పని చెడుతుంది. మందుల్ని కలపడానికి ఇలాంటి కారణం ఉండాలి.

గ్యాస్ బిళ్ల పేరుతో నెలల తరబడి వాడేది పాంటోప్రజోల్, డోంపెరిడోన్ కలిసినది. డోంపెరిడోన్ వాంతుల మందు. కొందరిలో గుండె లయని దెబ్బతీయగలదని 2014లో యూరప్ ఔషధ సంస్థ దాన్ని మామూలుగా వారానికి మించి వాడొద్దంది. కడుపులో మంట మాత్రమే ఉంటే పాంటోప్రజోల్ ఒక్కటి సరిపోదా అని అడగండి.

ఇక తామర. ఈ ఊరి ఉక్కపోతకి, చెమట బట్టలకి గజ్జల్లో తామర రాని ఇల్లు తక్కువ. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీములు రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది. అది స్టెరాయిడ్ చేసే పని. ఫంగస్ మాత్రం లోలోపల పాకి, క్రీము ఆపగానే మరింత వెడల్పుగా లేస్తుంది. చర్మం పల్చబడి, తొడల మీద చారలు పడతాయి, ఆ చారలు పోవు. 2018లో ప్రభుత్వం చర్మం మీద రాసే ఇలాంటి స్టెరాయిడ్ మందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన పెట్టింది. తామరకి ఫంగస్ మందు ఒక్కటే, మచ్చ పోయాక కూడా చెప్పినన్ని రోజులు రాయాలి.

నిషేధాల సంగతి

కలిపిన మందులన్నీ పరీక్షల్లో నెగ్గి రాలేదు. ప్రొఫెసర్ కోకాటే కమిటీ సిఫార్సు మీద కేంద్రం 2016 మార్చిలో 344 కాంబినేషన్లని నిషేధించింది. ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో కొట్టేసింది, విషయం సుప్రీంకోర్టుకి వెళ్లింది, మళ్లీ పరిశీలన జరిగి 2018 సెప్టెంబరులో 328 నిషేధమయ్యాయి. 2023 జూన్‌లో ఇంకో 14, 2024 ఆగస్టులో 156. 2024 జాబితాలో సిట్రిజిన్, పారాసిటమాల్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందు కూడా ఉంది. ఇంట్లో పాత స్ట్రిప్పులుంటే వాడకుండా ఒకసారి షాపులో చూపించండి. నిషేధం తర్వాత అదే బ్రాండు పేరుతో లోపలి మందులు మార్చి అమ్మడమూ ఉంటుంది. బ్రాండు పేరు గుర్తుపెట్టుకుంటే సరిపోదనడానికి అదొక కారణం.

ఖర్చు

కలిసినది చవకని గానీ ఖరీదని గానీ ఒక మాటలో చెప్పలేం. కొన్ని స్ట్రిప్పుల్లో 10 బిళ్లలుంటాయి, కొన్నిట్లో 15. స్ట్రిప్పు ధర కాకుండా ఒక్కో బిళ్ల ధర చూడండి. జన ఔషధి దుకాణంలో అవే మందులు, అదే మోతాదు ఉన్నది అడగండి. ఆరోగ్య కేంద్రంలో విడి మందులు ఉచితంగా దొరుకుతూ, వదలకుండా వేసుకోగలిగితే విడివే చాలు. అప్పుడు డబ్బు పెట్టి కాంబినేషన్ కొనక్కర్లేదు.

మారాలనుకుంటే

విడి మందుల నుంచి కలిసిన బిళ్లకి మారేముందు డాక్టరుని అడగాల్సినవి: ఇందులో ప్రతి మందూ నాకు రోజూ కావాలా? నేను ఇప్పుడు వాడుతున్న మోతాదే ఇందులో ఉందా? దీన్ని మొదలుపెట్టాక పాతవాటిలో ఏవి ఆపాలి? వాంతులైనా, ఉపవాసమున్నా ఏం చేయాలి? కిడ్నీ పరీక్ష చేయించి ఎన్నాళ్లయిందో కూడా చెప్పండి. కిడ్నీ పనితీరు బాగా తగ్గితే మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గిస్తారు, ఇంకా పడిపోతే ఆపేస్తారు. అప్పుడు కాంబినేషన్ మొత్తం మార్చాల్సిందే. ఓపీకి వెళ్లేటప్పుడు చీటీలు మాత్రమే కాకుండా ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం, విటమిన్ బిళ్లలతో సహా ఒక కవర్లో వేసుకెళ్లండి.

బీపీకి కొత్తగా కలిసిన బిళ్ల మొదలుపెట్టినవాళ్లు మొదటి రెండు వారాలు మంచం మీంచి ఒక్కసారిగా లేవకుండా, కాసేపు కూర్చుని లేవండి. కూర్చున్నప్పుడూ, నిలబడ్డాకా బీపీ చూపించుకుని ఆ అంకెలు రాసి పెట్టుకోండి. లేచినప్పుడు కళ్లు చీకట్లు కమ్ముతుంటే మీరే బిళ్ల మానేయకుండా ఆ అంకెలతో అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి. మోతాదు తగ్గించాలంటే చాలాసార్లు అదే కాంబినేషన్‌లో తక్కువ మోతాదు బిళ్ల కూడా దొరుకుతుంది.